సోషల్ పాలసీ పేపరు పథకాల లిస్టు దాటడం లేదు, మీరెట్లా చెప్తున్నారు?

పెన్నా ఒడ్డు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నెల్లూరు దగ్గర ఒక కాలేజీలో ఎమ్మెస్‌డబ్ల్యూకి, అంటే సోషల్ వర్క్ పీజీకి, గెస్టు లెక్చరర్‌గా చేస్తున్నాను. ఇది మూడో ఏడాది. అంతకుముందు తొమ్మిదేళ్లు యానాది కాలనీల్లో పనిచేశాను. పనంటే పెద్దదేం కాదు, జనన ధ్రువీకరణ పత్రాలకీ, ఆధార్‌కీ, రేషన్ కార్డులకీ మండలాఫీసు మెట్లు ఎక్కి దిగడమే. ఈ సెమిస్టరులో సోషల్ పాలసీ పేపరు నాకొచ్చింది. పర్మినెంటు వాళ్లు వద్దన్న పేపర్లు గెస్టుల దగ్గరికి ఎట్లా వస్తాయో ఇక్కడ చాలామందికి తెలుసు.

క్లాసులో ఇరవై ముగ్గురు. సగం మంది ఉదయగిరి, కలిగిరి, వింజమూరు వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వస్తారు. కేస్ వర్క్ చెప్తుంటే చెవులు రిక్కించి వింటారు. గ్రూప్ వర్క్‌లో ఆటలుంటాయి కాబట్టి ఇంకా హుషారు. పాలసీ అనేసరికి పెన్ను మూత తీసి, ఇక చెప్పండి రాసుకుంటాం అన్నట్టు చూస్తారు. మొదటి రోజు "పాలసీ అంటే ఏంది?" అని అడిగా. వెనక బెంచీ అబ్బాయి "ఎల్ఐసీ మేడం" అన్నాడు. అందరం నవ్వాం. నవ్వులు అయిపోయాక చూస్తే, మిగతా వాళ్ల జవాబులు అంతకంటే మెరుగ్గా ఏమీ లేవు. అన్నీ పథకాల పేర్లే. ఒకమ్మాయి నిజంగానే కంగారుగా అడిగింది: "మేడం, అమ్మ ఒడి అని రాయాలా, తల్లికి వందనం అని రాయాలా? పింఛను కానుక అనాలా, ఎన్టీఆర్ భరోసా అనాలా? పేపరు దిద్దే వాళ్లది ఏ పార్టీనో మనకు తెలీదు కదా."

పేరు సంగతి తర్వాత, లెక్క మారింది చూడమ్మా అన్నాను. అప్పుడు ఎంతమంది పిల్లలున్నా తల్లికి ఒక్కరి లెక్కే, ఇప్పుడు బడికిపోయే ప్రతి బిడ్డకూ ఇస్తున్నారు, ఈ తేడా ఎందుకు, దీనివల్ల ఎవరికి లాభం అని మొదలుపెట్టబోయాను. "ఇది ఎన్ని మార్కుల ప్రశ్న మేడం?" అంది.

సిలబస్ సంగతి చెప్పక్కర్లేదు. ఇంగ్లండ్‌లో 1601 నాటి పేదల చట్టం, 1942 బెవరిడ్జ్ నివేదికలోని అయిదుగురు రాక్షసులు, అంటే లేమి, రోగం, అజ్ఞానం, మురికి, పనిలేమి. తర్వాత టిట్మస్ మూడు నమూనాలు, అంటే సర్కారు ఎవరికి ఏ లెక్కన సాయం చేయాలో ఆ బ్రిటిష్ ప్రొఫెసర్ చెప్పిన మూడు పద్ధతులు. ఆ తర్వాత మన ఆదేశిక సూత్రాలు, పంచవర్ష ప్రణాళికలు. పన్నెండో ప్రణాళిక 2017 మార్చితో ముగిసింది, పదమూడోది రానే లేదు. ఆ కబురు మా సిలబస్‌కి ఇంకా అందలేదు. పిల్లలు అయిదుగురు రాక్షసుల పేర్లు పంచపాండవుల్లాగా గడగడా చెప్తారు. లేమి అంటే ఏందో వాళ్లకు ఇంగ్లండ్ వాడు చెప్పాల్సిన పని లేదు, ఆ సంగతి వేరే.

నన్ను ఇక్కడికి రప్పించింది ఫీల్డ్ వర్క్ డైరీ. మా ఇద్దరమ్మాయిలకు కలిగిరి వైపు ఒక ఊరిచ్చాం. అక్కడ ఒక అవ్వకు పింఛను రావడం లేదు. డైరీలో వీళ్లు రాసింది ఇది: "క్లయింటుకు ప్రభుత్వ పథకాలపై అవగాహన లేదు. అవగాహన కల్పించడమైనది." కింద సచివాలయం స్టాంపు, సంతకం. పేజీ నిండింది.

నాకెందుకో మనసొప్పలేదు. ఆదివారం నేనే పోయా. అవ్వ నన్ను చూడగానే, మంచం మీద కూర్చోమని చెప్పకముందే, "మూడొందల యూనిట్లంట తల్లీ" అంది. నాలుగుసార్లు సచివాలయానికి పోయొచ్చిందట. ఏ కారణం చెప్పి తిప్పి పంపారో అక్షరం పొల్లు పోకుండా చెప్తోంది. అవగాహన లేనిది అవ్వకేనా!

ఒకటే పెరడు, మూడు పొయ్యిలు. పెద్దకొడుకు, చిన్నకొడుకు ఎప్పుడో వేరుపడ్డారు. అవ్వ వెనక రేకుల గదిలో తన బువ్వ తను వండుకుంటుంది. మీటరు మాత్రం ఒక్కటే, చనిపోయిన తాత పేరు మీద. పెద్దకోడలు దోసెల పిండి అమ్ముతుంది. ఒక పెద్ద గ్రైండరు, ఒక ఫ్రిజ్, పొద్దుగూకులూ తిరుగుతూనే ఉంటాయి. చిన్నకొడుకు ఇంట్లో ఒక ఫ్రిజ్, రెండు ఫ్యాన్లు. అవ్వ గదిలో ఒక బల్బు. "అది గూడా ఎనిమిదింటికి ఆపేస్తా, పురుగులొస్తాయని" అంది. నెలకు సగటున మూడొందల యూనిట్లు దాటితే పింఛను రాదు. ఆ ఇంటి బిల్లులు ముందేసుకుని కూడితే సగటు మూడొందలు దాటుతోంది. తేడా పట్టుమని పది యూనిట్లు లేదు.

నా ప్రశ్న ఇదీ. ఆ మీటరు దగ్గర మొదలుపెట్టి టిట్మస్ దాకా పిల్లల్ని ఎట్లా తీసుకుపోవాలి? లేకపోతే టిట్మస్‌ను పక్కన పెట్టేయాలా? పరీక్ష పేపరు బయటి నుంచి వస్తుంది, నా చేతిలో ఉన్నవి ఇంటర్నల్ మార్కులు మాత్రమే. పాలసీ చెప్పిన అనుభవం ఉన్నవాళ్లు, కనీసం పాలసీ దెబ్బ తిన్నవాళ్లు, ఒక ముక్క చెప్పండి.

సాగరతీరం

మేడం, ఏమీ అనుకోకండి. పిల్లలకు కావాల్సింది ఉద్యోగం. లెక్చరర్ అర్హతకు రాసే నెట్ పరీక్ష పాత పేపర్లు తీసి చూడండి, అందులో అడిగేది బెవరిడ్జే, టిట్మసే. గ్రూప్స్ రాసేవాళ్లకు పథకాల లిస్టే కావాలి. మీరు మీటరు చుట్టూ తిప్పితే వాళ్లకు ఫీల్ బాగుంటుంది, సీటు మాత్రం రాదు. మేము బట్టీ పట్టే పాసయ్యాం. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాం.

ఒంగోలు పాత మాస్టారు

అమ్మా, నేను రిటైరై ఆరేళ్లయింది. ఈ పేపరు పద్నాలుగేళ్లు చెప్పాను. మొదటి ఎనిమిదేళ్లు చెడగొట్టాను, ఆ తర్వాత కొంచెం దారికొచ్చింది. సాగరతీరం గారి మాటను కొట్టిపారేయను. కానీ బట్టీ పట్టినవాడు నెట్ ప్యాసవుతాడేమో గానీ, తర్వాత ఆ పేపరు చెప్పేవాడు కూడా వాడే అవుతాడు. మన బాధకు మూలం అదే.

మీరు నెల్లూరులో ఉండి ఇంగ్లండ్ నుంచి ఎందుకు మొదలుపెట్టాలి? మీ పిల్లలు కలిగిరి బస్సులో వస్తారన్నారు. దూబగుంట అక్కడే కదా. 1992లో సారా మీద ఆడవాళ్లు లేచింది ఆ మండలంలోనే. దూబగుంట రోశమ్మ పేరు మీ పిల్లలకు తెలిసే ఉంటుంది. అయితే ఎలా తెలుసు? ఆవిడ గొప్పది, ఆడవాళ్లు చీపుర్లు పట్టుకుని దుకాణాలు మూయించారు అని. అక్కడితో ఆగిపోతారు. అది సోషల్ యాక్షన్ పాఠం. పాలసీ పాఠం అక్కడి నుంచి మొదలవుతుంది.

నేను ఇలా చెప్పేవాణ్ని. ఎన్టీ రామారావు ప్రభుత్వం 1983లో కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. ఆ ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో ఊరూరికీ అందేలా చేసింది. ఒక చేత్తో బియ్యం, ఇంకో చేత్తో సారా. పిల్లల్ని అడిగేవాణ్ని: రెండూ ఒకే ప్రభుత్వం ఎందుకు చేస్తుంది? ఎవరో ఒకరు, రెండో దాని డబ్బుతో మొదటిది నడుస్తుంది సార్ అంటారు. అప్పుడు బోర్డు మీద గీత గీసి, ఖజానా అంటే ఏంటో మొదలుపెట్టేవాణ్ని. ఎక్సైజు ఆదాయం, వేలంపాటలు, కాంట్రాక్టర్లు. నెల్లూరు జిల్లాలో ఆడవాళ్లు ఒక్క దుకాణాలనే మూయించలేదు, వేలంపాటలనే అడ్డుకున్నారు. అంటే ఎక్కడ పట్టుకుంటే నొప్పి పుడుతుందో అక్కడ పట్టుకున్నారు. ఇది ఏ పాలసీ పుస్తకం చదివి చేసింది కాదు. అక్షరాస్యత తరగతుల్లో సాయంత్రం లాంతరు ముందు కూర్చున్న ఆడవాళ్లు చేసింది.

తర్వాత తేదీలు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం, దాన్ని తెచ్చింది మళ్ళీ ఆ రామారావు గారే. 1997లో సడలింపు. రాజ్యాంగం 47వ అధికరణంలో మత్తు పానీయాలను నిషేధించడానికి రాజ్యం ప్రయత్నించాలని ఉంది. అదే అధికరణంలో పౌష్టికాహారం మెరుగుపరచాలనీ ఉంది. బియ్యం, సారా రెండూ ఒకే అధికరణం కింద కూర్చున్నాయి, చూశారా? ఆదేశిక సూత్రాలకు కోర్టు బలం లేదని పిల్లలు బట్టీ పడతారు. మరి బలం లేని మాట 1995లో ఎలా చట్టమైంది, రెండేళ్లలో మళ్ళీ ఎలా నీరుగారింది? ఈ రెండు ప్రశ్నలతో నాకు నాలుగు క్లాసులు గడిచేవి. ఆ ఉద్యమం వెనకే నెల్లూరులో రోజుకో రూపాయి పొదుపు సంఘాలు పుట్టాయి. పిల్లల అమ్మలు ఇవాళ ఉన్న సంఘాలకు మూలం అది. "మీ అమ్మ సంఘం పుస్తకం తీసుకురండి" అంటే సగం మంది తెచ్చేవాళ్లు.

ఇంకొకటి. సాయం అడిగిన పేదల్ని లోపల పెట్టి పని చేయించిన ఇంగ్లండ్ వర్క్‌హౌస్‌ల పాఠం, అదే 1834 చట్టం, చెప్పేటప్పుడు కావలి ఎరుకల సెటిల్‌మెంట్ చెప్పండి. నేరస్థ జాతుల చట్టం 1871లో వచ్చి, 1911 తర్వాత మద్రాసు రాష్ట్రంలో అమలైంది. ఒక కులంలో పుట్టడమే నేరంగా చూసి, హాజరు పిలిచి, పాసు లేకుండా ఊరు దాటనివ్వకుండా పెట్టి, దాన్ని సంస్కరణ అన్నారు. 1952లో రద్దయింది. పేదవాణ్ని బాగుచేయాలి అన్న మాట వెనక ఏముంటుందో పిల్లలకు లండన్ కంటే కావలిలో త్వరగా తెలుస్తుంది. కానీ జాగ్రత్తగా చెప్పండి. మీ క్లాసులో ఆ కుటుంబాల పిల్లలు ఉండొచ్చు. నేను ఒకసారి చూసుకోకుండా చెప్పేశాను. మూడో వరుసలో ఒక అబ్బాయి తలదించుకున్నాడు. ఆ పీరియడ్ ఎలా ముగించానో నాకే తెలియదు. తర్వాతి ఏడాది నుంచి ముందురోజే, రేపు ఇది చెప్పబోతున్నాను, ఎవరైనా ముందు నాతో మాట్లాడాలంటే రండి అని చెప్పేవాణ్ని.

మీ అవ్వ సంగతికొస్తే, నాలుగు వేల పింఛనులో ఢిల్లీది ఎంతో పిల్లల్ని కనుక్కోమనండి. 1995 ఆగస్టు 15న జాతీయ పథకం మొదలైనప్పుడు నెలకు 75 రూపాయలు. ఇప్పుడు కేంద్రం లెక్కలోకి వచ్చిన వాళ్లకు 200, ఎనభై దాటితే 500. మిగతాదంతా రాష్ట్రం జేబులోంచే. అది తెలిశాక, అర్హతకు గీత గీసేవాడికి ఆ గీత మీద అంత ప్రేమ ఎందుకో అర్థమవుతుంది.

సచివాలయం తమ్ముడు

మేడం నమస్తే. నేను ప్రకాశం జిల్లాలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ని. ఎమ్మెస్‌డబ్ల్యూ చేశాకే ఈ ఉద్యోగం వచ్చింది, కాబట్టి సాగరతీరం గారు సంతోషించొచ్చు.

ముందు మా బాధ ఒకటి చెప్పుకుంటా. ఫీల్డ్ వర్క్ పిల్లలు మా దగ్గరికి వచ్చేది సంతకం, స్టాంపు కోసం. "సార్, పదిహేను రోజులవి ఒకేసారి వేసేయండి" అంటారు. వేసేస్తాం. తప్పు మాది కూడా.

పాలసీ క్లాసులో జీవోలు చెప్తారు. నిజం చెప్పాలంటే మాకు జీవో కంటే ముందు వాట్సాప్ వస్తుంది. రాత్రి ఎనిమిదింటికి మండలం గ్రూపులో మెసేజ్ పడుతుంది, రేపు మధ్యాహ్నంలోపు ఇంతమందిని వెరిఫై చేయాలని. మాకు పాలసీ అంటే అదే. పై నుంచి కింది దాకా ఆ మెసేజ్ ఎట్లా మారుతూ వస్తుందో మీ పిల్లలు రాస్తే, నాకూ ఒక కాపీ పంపండి.

అవ్వది మీరు చెప్పినట్టే ఉంటే అది ఆరు అంచెల తనిఖీలో ఆగింది. తెలియని వాళ్ల కోసం రాస్తున్నా. నెల ఆదాయం పల్లెలో పదివేలు, టౌన్లో పన్నెండు వేలు దాటకూడదు. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాల లోపుండాలి. నాలుగు చక్రాల బండి ఉండకూడదు, అయితే ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్లకు మినహాయింపు. ఇంట్లో సర్కారు ఉద్యోగి, రిటైరైన సర్కారు పెన్షనరు, ఇన్‌కంట్యాక్స్ కట్టేవాళ్లు ఉండకూడదు. టౌన్లో ఇల్లు వెయ్యి చదరపు అడుగుల్లోపు. కరెంటు సగటున నెలకు 300 యూనిట్ల లోపు. ఇందులో ఏది తగిలినా మా స్క్రీన్ మీద అర్హత లేదని వస్తుంది. మేం కారణం చదివి చెప్పడమే. అవ్వలు తిట్టేది మమ్మల్ని. పై వాళ్లు మా ఊరికి రారు కదా.

కానీ మేడం, మీరొకటి చూడండి. మీటరు తాత పేరు మీద ఉందన్నారు. ఆ మీటరు ఎవరి ఆధార్‌కి లింకై ఉందో కనుక్కున్నారా? నాకు తెలిసి చాలాసార్లు ఇంట్లో పెద్దోళ్లు ఎవరైతే వాళ్ల ఆధార్‌కే ఎక్కించేస్తారు. అంటే కోడలి గ్రైండరు అవ్వ లెక్కలో తిరుగుతుంది. కరెంటాఫీసుకు పోయి లింకు సరిచేయించుకోవాలి. రెండోది, రైస్ కార్డులో కొడుకులు, అవ్వ ఒకే కుటుంబంగా మ్యాపింగ్ అయి ఉంటే స్ప్లిట్ చేయించుకోవాలి. అది అంత తేలిక్కాదు. పొయ్యి వేరైందని సిస్టంకి తెలీదు.

ఒకటో తేదీ తెల్లారి ఆరింటికి పిల్లల్ని మా ఊరికి పంపండి. ఆ రోజు ఇంటింటికీ పోయి పింఛను పంచుతాం, నా వంతు యాభై ఇళ్లు. పొగాకు గ్రేడింగుకు పోయే ఆడోళ్ల వేళ్లు చూడాలి, జిగురు పట్టి నల్లగా ఉంటాయి, వేలిముద్ర పడదు. మిషన్ ఎర్రగా చూపిస్తుంటే ఆమె నవ్వుతూ కొంగుతో వేలు తుడుచుకుని మళ్ళీ పెడుతుంది. మూడోసారి పెట్టేటప్పుడు నవ్వదు.

పెన్నా ఒడ్డు

తమ్ముడూ, లింకు సంగతి నాకు తట్టనే లేదు. రేపే కనుక్కుంటా. మాస్టారూ, మీ ఉత్తరం ప్రింట్ తీసి పెట్టుకున్నా. ఆ మూడో వరుస అబ్బాయి సంగతి చదివాక కాసేపు ఏం చేయబుద్ధి కాలేదు.

కనిగిరి అమ్మాయి

మేడం, నేను వేరే చోట ఎమ్మెస్‌డబ్ల్యూ రెండో ఏడాది. స్టూడెంట్ వైపు నుంచి ఒక మాట చెప్పొచ్చా?

మాకు పాలసీ అంటే ఇష్టం లేక కాదు. అందులో మా ఊరు కనపడదు, అందుకని నిద్రొస్తుంది. మాది కనిగిరి దగ్గర. ఫ్లోరైడ్ అనగానే అందరూ అయ్యో అంటారు. మా నాన్నకు మెడ తిరగదు, మోకాళ్లు ముడుచుకోవు. పలకరిస్తే మనిషంతా తిరిగి చూస్తాడు. చిన్నప్పుడు నాకది నవ్వులాటగా ఉండేది. వికలాంగుల సర్టిఫికెట్‌కు తీసుకుపోతే నలభై శాతం రాలేదు. నలభై లేకపోతే పింఛను లేదు. ఎముకంతా పట్టేసినా కాగితం మీద పట్టలేదు.

మా మాస్టారు ఒకాయన (ఈ థ్రెడ్‌లో ఉన్న మాస్టారు కాదు) క్లాసులో రెండు అంకెలు రాయించారు. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, అది దాటితే తాగకూడదు. వైకల్యం 40 శాతం, అది ఉంటేనే లెక్క. "ఈ రెండు అంకెల మధ్య మీ ఊళ్లో ఎంతమంది ఉన్నారో రాసుకుని రండి" అన్నారు. నేను పదకొండు ఇళ్లు తిరిగాను. సర్టిఫికెట్ ఉన్నవాళ్లు ఇద్దరు. క్యాను నీళ్లకు డబ్బులు పెడుతున్న వాళ్లు పదకొండు ఇళ్లూ. నాకు ఆ ఒక్క పాఠం గుర్తుంది. టిట్మస్ అంటే ఇప్పటికీ రెండు మార్కుల నోట్సే.

పెన్నా ఒడ్డు

పది రోజులు అటూ ఇటూ అయింది. జవాబు రాస్తానని రాయలేదు, తప్పు నాదే. ఇంటర్నల్ పేపర్లు దిద్దుతున్నా.

ముందు అవ్వ సంగతి. తమ్ముడు చెప్పినట్టే మీటరు అవ్వ ఆధార్‌కే లింకై ఉంది. కరెంటాఫీసులో రాసిచ్చాం. డైరీ రాసిన ఇద్దరమ్మాయిలే వచ్చారు, నేను వెనక నిలబడ్డా. కౌంటర్లో ఆయన "ఎవరి పేరు మీదికి మార్చాలి?" అన్నాడు. పెద్దకొడుకు పేరు మీదికి అంటే, పెద్దకొడుకు ఒప్పుకోవాలి. పెద్దకోడలికి తన లెక్కలేవో ఉన్నాయి. "రేపు మా పిల్లలకు ఏదన్నా రాకుండా పోతే?" అని అడిగింది. తప్పు పట్టలేకపోయాను. ఆ పెరట్లో ఎవరి పేరు మీద రాసినా ఎవరో ఒకరిది తెగుతుంది. ఇంకా తేలలేదు. చిన్నకొడుకు కొత్త మీటరుకు అడుగుతానంటున్నాడు, ఇంటి కాగితం మళ్ళీ తాత పేరు మీదే ఉంది.

క్లాసులో మాత్రం అనుకోనిది జరిగింది. తమ్ముడు రాసిన ఆ మాట, పొయ్యి వేరైందని సిస్టంకి తెలీదన్నది, బోర్డు మీద రాశాను. పెరడు బొమ్మ గీశాను, మూడు పొయ్యిలు, ఒక మీటరు. కుటుంబం అంటే ఎవరు చెప్పండి అన్నాను. ఒకరు కార్డు అన్నారు, ఒకరు పొయ్యి అన్నారు, ఒకరు ఇంటిపేరు. ఎల్ఐసీ అన్న అబ్బాయి లేచాడు. వాళ్లన్న నెల్లూరులో ఏదో షోరూములో పనిచేస్తూ కిస్తీల మీద పాత కారు కొన్నాడట. ఇంట్లో స్వీట్లు పంచారట. కొన్నాళ్లకే నాయనమ్మ పింఛను ఆగింది. "అప్పట్నుంచి నాయనమ్మ మా అన్నతో మాట్లాడదు మేడం. ఆ కారు ఎక్కదు. హాస్పిటల్‌కి కూడా ఆటోలోనే పోతది" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు పుస్తకం తెరిచాను. నిజానికి ముందురోజు రాత్రి టెన్షన్ పడుతూ పేజీలు తిప్పుతుంటే కంటపడింది, ఇన్నేళ్లూ దాన్ని దాటుకుంటూ పోయాను. 1931లో బ్రిటన్‌లో పని పోయినవాళ్లకు ఇచ్చే భృతికి ఇంటిల్లిపాది సంపాదన చూసే పరీక్ష పెట్టారు. అధికారి ఇంటికొచ్చి కొడుకు జీతం, కూతురి జీతం, చివరికి ఇంట్లో ఏ సామాను ఉందో కూడా చూసేవాడు. కొడుకు సంపాదిస్తే తండ్రి భృతి తెగేది. దాంతో కొడుకులు ఇల్లు వదిలి వేరే చోట అద్దెకు ఉండిపోయారు. జనం దాన్ని ఎంత అసహ్యించుకున్నారంటే, 1941లో చట్టం తెచ్చి ఆ ఇంటిల్లిపాది లెక్కను తీసేయాల్సి వచ్చింది. ఆ మరుసటి ఏడాదే బెవరిడ్జ్ నివేదిక. అందులో ఆయన పదేపదే, పరీక్ష లేకుండా హక్కుగా రావాలి అంటాడు. మా పిల్లలు రాక్షసుల పేర్లు చెప్పేవాళ్లు గానీ, ఆయనకు అంత పట్టుదల ఎందుకో ఎవరికీ తెలీదు, నాకూ తెలీదు.

"మేడం, అంటే వాళ్లు కూడా కార్డు స్ప్లిట్ చేయించుకున్నారు" అంది ముందు బెంచీ అమ్మాయి. అంతకంటే బాగా నేను చెప్పలేను.

అక్కడి నుంచి టిట్మస్ దానంతటదే వచ్చింది. ఇంట్లో వాళ్లు చూడలేనప్పుడే సర్కారు చూస్తుందా, లేక ముసలితనం వస్తే చాలా? నాయనమ్మ పింఛను ఎవరిది, ఆమెదా, ఇంటిదా? క్లాసు రెండుగా చీలింది. మాగాణి ఉన్న ఇంటి నుంచి వచ్చే ఒకమ్మాయి గట్టిగా వాదించింది: "మా ఊళ్లో పదెకరాల మాగాణి ఉన్న పెద్దాయన కూడా పింఛను తీసుకునేవాడు. గీత లేకపోతే ఎట్లా మేడం? డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?" మంచి ప్రశ్న. ఎల్ఐసీ అబ్బాయి, ఆ పెద్దాయనకిచ్చినా పర్లేదు, మా నాయనమ్మను వదిలేయకుండా ఉంటే చాలు అన్నాడు. బెల్లు కొట్టినా లేవలేదు. బస్సు పోతుందని ఉదయగిరి పిల్లలే ముందు కదిలారు.

సాగరతీరం గారూ, ఇంటర్నల్‌లో టిట్మస్ ప్రశ్న అడిగాను, మీరు భయపడకండి. ఇరవై ముగ్గురిలో పదిహేడు మంది సొంత ఊరి ఉదాహరణతో రాశారు. మిగతా ఆరుగురు గైడు పేజీ దించేశారు, మార్కులు వాళ్లకూ వేశాను, పరీక్షలో వాళ్లే గట్టెక్కుతారేమో తెలీదు. డైరీల్లో మాత్రం "అవగాహన కల్పించడమైనది" అన్న వాక్యం రాయకూడదని చెప్పేశాను. ఏ కారణంతో ఆగింది, ఆ కారణం ఎక్కడ రాసి ఉంది, దాన్ని మార్చే అధికారం ఎవరిది, ఈ మూడూ రాస్తేనే సంతకం. మొదటి వారం సగం డైరీలు వెనక్కిచ్చా.

కనిగిరి అమ్మాయ్, మీ పదకొండు ఇళ్ల కాగితం ఉంటే పేర్లు తీసేసి పంపుతావా? నీళ్ల పాఠానికి అదే వాడుకుంటా.

తమ్ముడూ, ఒకటో తేదీకి నలుగురు వస్తారు. ఆరింటికంటే ముందు బస్సు లేదు, ముందురోజు రాత్రి ఎక్కడ పడుకోవాలో చెప్పు.

మాస్టారూ, దూబగుంట పాఠం వచ్చే గురువారం పెట్టుకున్నా. వేలంపాటలు అడ్డుకున్న రోజుల పాత పేపరు కటింగులు మీ దగ్గరుంటే ఫోన్లో ఫొటో తీసి పెట్టండి. అక్షరాలు మసకగా ఉన్నా సరే.